కందుకూరు డ్రాయింగ్ మాస్టారి ఉత్తరాల కట్ట: తేదీల్లేని కార్డుల్ని ఏ వరసలో పెట్టాలి?

పెన్నాగట్టు
కందుకూరు హైస్కూల్లో పనిచేసిన ఒక డ్రాయింగ్ మాస్టారికి మద్రాసు నుంచి స్నేహితుడు రాసిన ఉత్తరాలు 63 చేతికొచ్చాయి. ఇద్దరూ మద్రాసు ఆర్ట్ స్కూల్లో కలిసి చదివినవాళ్ళు. 41 కార్డులు, 14 ఇన్‌లాండ్లు, 8 కవర్లు. మాస్టారు తిరిగి రాసినవి ఒక్కటీ లేవు. సగానికి పైగా తేదీ లేదు. కొన్నిటి మీద శార్వరి, ప్లవ అని సంవత్సరం పేరు, నెల మాత్రమే ఉండాయి. లోపల చూస్తే రంగుల ధరలు, మంచి కాగితం దొరకడంలేదన్న గొడవ, ఎవరి బొమ్మ ఎగ్జిబిషన్‌కు తీసుకున్నారు, ఎవరు సినిమా బ్యానర్ల పనికి పోయారు, ఇవే. వీటిని మన జిల్లా చిత్రకళ చరిత్రకు ఆధారంగా వాడుకోవచ్చా? వాడాలంటే ముందు ఏం చెయ్యాల? ఇంట్లోవాళ్ళు అన్నిటినీ లామినేషన్ చేయిస్తామంటుండారు.

సింహపురి_సీతాకోక
ముందు ఆ లామినేషన్ ఆపండి, మిగతావన్నీ తర్వాత. వేడికి ప్లాస్టిక్ కరిగి కాగితం పోగుల్లోకి దిగుతుంది, మళ్ళీ ఊడదీయడం కుదరదు. ఫౌంటెన్ పెన్ సిరా పాలిపోతుంది, బాల్‌పెన్ రంగు పక్కకు పాకుతుంది. లోపల చిక్కిన తేమ బయటికి పోదు. సెల్లో టేపు కూడా వద్దు, పదేళ్ళకు దాని జిగురు పసుపు మరకై అక్షరాల మీద కూర్చుంటుంది.

ముద్రల_మూట
కట్ట విప్పారా? విప్పకపోతే ఇంకా విప్పొద్దు. ఏది పైన ఏది కింద ఉందో ఫొటోలు తీసుకోండి. వరస చెదిరిపోతే మళ్ళీ రాదు.

పెన్నాగట్టు
దారం కట్ట కాదు. ఉత్తరాల తీగ. చెక్కబిళ్ళ మీద నిలబెట్టిన ఇనుప తీగకు గుచ్చినవి. 50 దాకా దానికే ఉండాయి, మిగతావి విడిగా పెట్టెలో.

ముద్రల_మూట
అయితే పని సగం తేలికయినట్టే. తీగకు గుచ్చిన ఉత్తరాల్లో అడుగున ఉన్నది పాతది, పైది కొత్తది. తీయకముందే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. పైనుంచి ఒక్కొక్కటే తీస్తూ అంకె వెయ్యండి, అంకె ఉత్తరం మీద కాదు, దాన్ని పెట్టే కాగితపు కవరు మీద. తుప్పు చిల్లులు కూడా పనికొస్తాయి. పెట్టెలో విడిగా ఉన్న 13లో చిల్లు ఉన్నవాటిని పట్టి చూడండి. తుప్పు మరక ఆకారం పక్క కార్డు మరకతో కలిస్తే అది ఆ రెంటి మధ్య ఉండేదని అర్థం. చిల్లు లేనివి వేరు కుప్ప. వాటిని మాస్టారు తీగకు ఎక్కించకుండా దాచుకున్నారంటే ఎందుకు దాచుకున్నారో చూడాల్సిందే.

ఉదయగిరి_గరిటె
తుప్పు కూడా సాక్ష్యం చెప్తుందన్నమాట!

ఒంగోలు_గిత్త
అడుగుదే పాతదనే సూత్రాన్ని పూర్తిగా నమ్మొద్దు. తీగ నిండితే మొత్తం ఊడదీసి మళ్ళీ గుచ్చేవాళ్ళు, అప్పుడు కట్ట తలకిందులవుతుంది. ఒకే ఉత్తరానికి రెండు చిల్లులుంటే అదే జరిగినట్టు.

ముద్రల_మూట
గిత్త గారి మాట సబబే. అందుకే తపాలా గుర్తులతో సరిచూసుకోవాలి. తేదీ లేకపోయినా కార్డు తన కాలాన్ని చెప్తుంది.

అచ్చు స్టాంపు మీద విలువ అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1 కన్నా ముందు అచ్చయిన కార్డు. నయా పైసలని ఉంటే 1957కీ 1964కీ మధ్య అచ్చు, 1964 జూన్ నుంచి 'నయా' తీసేశారు. ఇన్‌లాండ్ లెటర్ 1950 అక్టోబర్ 2న మొదలైంది, అంతకన్నా ముందుది ఉండే వీల్లేదు. అడ్రసులో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతిది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఇవన్నీ ఒకవైపే పనిచేసే గుర్తులు. పిన్‌కోడ్ ఉంటే 1972 తర్వాతిది, లేకపోతే ముందుది అని మాత్రం చెప్పలేం, చాలామంది ఏళ్ళ తరబడి రాయలేదు. అణాల కార్డు 1957కు ముందు అచ్చయింది గానీ, రాసింది తర్వాత కావొచ్చు. పాత కార్డు మీద అదనపు స్టాంపు అంటించి వాడేవాళ్ళు.

ముద్రలు సాధారణంగా రెండుంటాయి, వేసిన ఊరిది, చేరిన ఊరిది. మద్రాసు ముద్ర అలికిపోయినా కందుకూరు ముద్ర కనబడొచ్చు. అదీ కనబడకపోతే ఫొటో తీసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్ని విడదీసి ఒక్కోదాన్ని నలుపుతెలుపుగా చూడండి. నీలం సిరా కింద చిక్కిన నల్ల ముద్ర ఎరుపులో కన్నా నీలంలో బాగా తేలుతుంది, ఎందుకంటే ఆ వెలుతురులో నీలం సిరా కాగితంతో కలిసిపోయినంత లేతగా అవుతుంది.

కందుకూరు_కలం
మన జిల్లా పేరే ఒక గడియారం. కందుకూరు, కనిగిరి, పొదిలి మొదట నెల్లూరు జిల్లా. ఒంగోలు, చీరాల, అద్దంకి గుంటూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 1970 ఫిబ్రవరి 2న వీటన్నిటినీ కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో ప్రకాశం జిల్లా అని పేరు మార్చారు. అంటే 'కందుకూరు, ఒంగోలు జిల్లా' అని రాసిన కార్డు దొరికితే దాదాపు ఆ మూడేళ్ళలోదే. 2022లో కందుకూరును మళ్ళీ నెల్లూరులో కలిపారు. జాబితా రాసేటప్పుడు ఉత్తరం మీదున్న జిల్లానే రాయండి, ఇప్పటి జిల్లాను పక్క గడిలో వెయ్యండి. రెండూ కలిపితే పదేళ్ళ తర్వాత చూసేవాడికి తల తిరిగిపోద్ది.

మైపాడు_అల
శార్వరి, ప్లవ అన్నారు గదా. శార్వరి 1960-61, ప్లవ 1961-62. అరవై ఏళ్ళకోసారి తిరుగుతుంది కాబట్టి ఇక్కడ అనుమానం లేదు. కానీ సంవత్సరం ఉగాదికి మారుతుంది. 'శార్వరి మాఘం' అంటే 1960 కాదు, 1961 జనవరి, ఫిబ్రవరి. పుష్యం అంటే రెండు ఇంగ్లీషు సంవత్సరాల మధ్య పడుతుంది, తిథి చూసి తేల్చాలి, ఆ ఏటి పంచాంగం కావాలి.

ఇది మన ఒక్కరి చిక్కే కాదు. మైకెలాంజెలో కాలంలో ఫ్లారెన్సు వాళ్ళకు కొత్త సంవత్సరం మార్చి 25న. జనవరి, ఫిబ్రవరిల్లో రాసిన ఉత్తరాల్లో పాత అంకే ఉంటుంది. అది చూసుకోకుండా వరస పెడితే ఒక బొమ్మకు డబ్బు అందిన ఉత్తరం ఆ బొమ్మ ఒప్పుకున్న ఉత్తరానికి ముందొచ్చి కూర్చుంటుంది.

చీరాల_రంగులు
తేదీలు సరే. అసలు ప్రశ్న, ఇవి కళా చరిత్రకు పనికొస్తాయా అని. నా మాట ఇది: మనసులోని మాటల కోసం వెతక్కండి. రంగు పేరు, కాగితం పేరు, ధర, కొలత, అప్పు, వీటికోసం వెతకండి.

వాన్‌గో పడకగది బొమ్మ చూడండి. మొదటిది 1888 అక్టోబర్‌లో ఫ్రాన్సులోని ఆర్ల్‌లో వేశాడు. ఇప్పుడు చూస్తే గోడలు నీలం. కానీ ఆ అక్టోబర్ 16న తమ్ముడు తియోకు రాసిన ఉత్తరంలో గోడలు లేత ఊదా అని రాశాడు. మ్యూజియం వాళ్ళు రంగు పరీక్షించి చూస్తే అందులో కలిపిన ఎరుపు వెలుతురుకు వెలిసిపోయిందని తేలింది. ఎరుపు పోతే ఊదాలో మిగిలేది నీలమే గదా. ఉత్తరం లేకపోతే నీలం గోడల ప్రశాంతత మీద పుస్తకాలు రాసుకుంటూ ఉండేవాళ్ళం. అతను రంగులకిచ్చిన ఆర్డర్లు కూడా ఆ ఉత్తరాల్లోనే ఉన్నాయి, ఏ ఎరుపు వాడాడో, ఏది వెలిసిపోయే రకమో ఇవాళ్టి పరీక్షకు దారి చూపించేది ఆ జాబితాలే.

మీ కట్టలో 'క్రిమ్సన్ లేక్' అన్న మాట ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. నీటిరంగుల్లో అదీ వెలిసిపోయే రకమే. ఆ కాలం బొమ్మల్లో బుగ్గలు, చీర అంచులు పాలిపోయి కనిపిస్తే అది చిత్రకారుడి చెయ్యి కాదు, ఆ బిళ్ళ చేసిన పని.

ఒంగోలు_గిత్త
చీరాల వారి మాటలో సగమే ఒప్పుకుంటా. ఉత్తరం అబద్ధమూ ఆడుతుంది. మైకెలాంజెలో ఇంటికి రాసిన ఉత్తరాలు చదివితే ఆయనంత బీదవాడు లేడనిపిస్తుంది. పోయాక రోమ్ ఇంట్లో పెట్టెలో ఎనిమిది వేలకు పైగా బంగారు నాణేలు దొరికాయి. అన్నదమ్ములు డబ్బడుగుతారని అట్టా రాశాడు. ఎవరికి రాశాడు, ఎందుకు రాశాడు, ఈ రెండూ తెలియకుండా ఉత్తరంలో మాటను చరిత్రలో అతికించకూడదు.

చీరాల_రంగులు
ఒప్పుకుంటా. కాకపోతే అబద్ధాల్లోనూ అంకెలు దొరుకుతాయి. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్‌ది చూడండి. ఫ్రాంక్‌ఫర్ట్ వ్యాపారి యాకోబ్ హెల్లర్‌కు బొమ్మ వేస్తూ 1507 నుంచి 1509 దాకా రాసిన ఉత్తరాలు నకళ్ళుగా మిగిలాయి. 130 ఫ్లోరిన్లకు (అప్పటి నాణేలు) ఒప్పుకుని, నడుమలో 200 కావాలన్నాడు, చివరికి తీసుకున్నాడు. గొప్పలు చెప్పుకున్నాడు నిజమే. ఆ గొప్పల మధ్యే అల్ట్రామెరీన్ నీలం 20 డుకాట్లది (బంగారు నాణేలు) పట్టిందనీ, ఒకదాని మీద ఒకటి ఐదారు పూతలు వేశాననీ రాశాడు. శుభ్రంగా ఉంచితే 500 ఏళ్ళు నిలుస్తుందన్నాడు. 1729లో మ్యూనిక్ రాజభవనం మంటల్లో, పలకలు జోడించి చేసిన ఆ బొమ్మలో డ్యూరర్ వేసిన నడిమి పలక కాలిపోయింది. ఇప్పుడు దాని పూతల గురించి డ్యూరర్ నోటి మాటగా మనకున్నది ఆ బేరం ఉత్తరాలే.

ఉదయగిరి_గరిటె
బేరంలో డ్యూరర్ మన సంతపేట కొట్లవాళ్ళకు ఏమాత్రం తీసిపోలేదు.

కాగితం_పడవ
నేరుగా అడుగుతా. వాన్‌గో, డ్యూరర్ అంటే లోకం ఎరిగినవాళ్ళు. కందుకూరు డ్రాయింగ్ మాస్టారు రంగుబిళ్ళ కొన్నాడన్నది చరిత్ర ఎట్టా అవుద్ది?

కందుకూరు_కలం
జిల్లాలో బొమ్మ నేర్పింది ఎవరు? డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు పిల్లల్ని తయారు చేసిన ఈ మాస్టార్లే. మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌధురి 1929 నుంచి 1957 దాకా స్కూలు నడిపారు, ఆయన తర్వాత చిత్రకారుడు కె.సి.ఎస్. పనిక్కర్ వచ్చారు. అక్కడ నేర్పే తీరు మారింది. ఆ మార్పు కందుకూరు, కావలి తరగతి గదుల దాకా ఎన్నాళ్ళకు చేరింది, అసలు చేరిందా? ఇది ఏ పుస్తకంలోనూ దొరకదు. ఇట్టాంటి కార్డుల్లోనే దొరుకుద్ది. స్నేహితుడు మెరీనాలో రాయ్ చౌధురి శ్రామికుల విగ్రహం గురించి రాసుంటే చూడండి, అది పెట్టింది 1959లో, తేదీ కూడా తేలిపోద్ది.

మైపాడు_అల
పడవ గారికి ఇంకో మాట. తుమ్మపూడి సంజీవదేవ్ (1914–1999) పల్లెటూళ్ళో కూర్చుని దేశంలోని చిత్రకారులతో, రచయితలతో జీవితాంతం ఉత్తరాలు నడిపారు. కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు రోరిక్ కుటుంబంతో ఆయన స్నేహం అందరికీ తెలిసిందే. తెలుగులో చిత్రకళ మీద మాట్లాడుకునే భాష చాలావరకు అట్టాంటి ఉత్తరాల్లో తయారైంది. శాంతినికేతన్ చిత్రకారుడు నందలాల్ బోస్ అయితే శిష్యులకు, స్నేహితులకు కార్డు మీదే బొమ్మ వేసి పంపేవారు. ఆ కార్డుల్ని ఇప్పుడు ఆయన పనిలో భాగంగానే చూస్తున్నారు.

పెన్నాగట్టు
బొమ్మలున్న కార్డులు నాలుగుండాయి. ఇంకోటి అడగాల. తీగ మీద అడుగున వచ్చే ఏడెనిమిది కార్డుల్లో 'మునక' అనే మాట పదే పదే వస్తుంది. మూడో మునకకే కాగితం పీల్చేసింది, మచ్చలొచ్చాయి అని మాస్టారు రాసినట్టున్నారు, దానికి స్నేహితుడి జవాబు. ఆ తర్వాత మునక మాటే లేదు, తెల్లరంగు పొడి, జిగురు పంపమని అడిగినట్టుంది. ఏంది ఇది?

చీరాల_రంగులు
అది వాష్ పద్ధతి! మీ కట్టలో ఇదే అన్నిటికన్నా విలువైన చోటు.

1903లో జపాన్ నుంచి యొకోయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చాక, వాళ్ళ పని చూసి అవనీంద్రనాథ్ ఠాగూర్ తయారు చేసుకున్న పద్ధతి. 1920ల్లో ప్రమోద్ కుమార్ చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో తెలుగు పిల్లలకు నేర్పారు. పని ఇట్టా ఉంటుంది. మందపాటి నీటిరంగు కాగితం మీద గీత గట్టిగా వేసుకుని, పలచటి పారదర్శకమైన రంగు పూస్తారు. పూర్తిగా ఆరనిస్తారు. ఆరాక మొత్తం కాగితాన్ని నీళ్ళ పళ్ళెంలో ముంచుతారు. పట్టు లేని రంగు నీళ్ళలోకి పోతుంది, పట్టింది మిగులుతుంది. తీసి, నీళ్ళు ఓడ్చి, చెమ్మ ఉండగానే పైన ఇంకో పలచటి పూత. మళ్ళీ ఆరబెట్టి మళ్ళీ ముంచడం. ఇట్టా చాలాసార్లు. మంచుతెర లాంటి ఆ మసక అట్టా వస్తుంది.

చెడేది రెండు చోట్ల. పూర్తిగా ఆరకముందే ముంచితే రంగు గీత దాటి పారుతుంది. రెండోది, కాగితం తయారీలో పూసిన జిగురు నాసిరకమైతే మునక మునకకూ కరిగిపోతుంది. జిగురు పోయిన చోట కాగితం అద్దుడు కాగితంలా రంగును లాగేసుకుంటుంది, అదే మచ్చ. మాస్టారు పీల్చేసింది అన్నది దీన్నే. పైగా మనది సముద్రం పక్క జిల్లా, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనం. ఆ నెలల్లో కాగితం లోపలిదాకా ఆరాలంటే రోజుకు ఒక మునక కూడా కుదరడం కష్టం.

తర్వాత తెల్లరంగు పొడి, జిగురు అడిగారంటే వాష్ వదిలి టెంపెరాకు పోయారు. తెల్ల కలిపిన చిక్కటి రంగుకు మునక అక్కర్లేదు, నాసి కాగితం చాలు, అట్ట మీదా నిలుస్తుంది.

కందుకూరు_కలం
అంటే శైలి మారింది అభిరుచి మారి కాదు, కాగితం దొరక్క!

ఒంగోలు_గిత్త
తొందరపడొద్దు. అదే కాలంలో మద్రాసులోనే వాష్ మీద మోజు తగ్గుతుండవచ్చు. కారణం కాగితమా, ఫ్యాషనా? మాస్టారి బొమ్మలు నాలుగైనా దొరకాల. బొమ్మ వెనక చూడండి. చాలాసార్లు మునిగిన కాగితం వెనక పోగులు లేచి గరుగ్గా ఉంటుంది. పక్కనుంచి టార్చి వేస్తే ముడతలు తెలుస్తాయి. ఉత్తరం చెప్పింది, బొమ్మ చెప్పింది కలిస్తేనే రాయండి.

చీరాల_రంగులు
ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. ఉత్తరాన్ని బొమ్మతో, బొమ్మను ఉత్తరంతో రుజువు పట్టాలి.

సింహపురి_సీతాకోక
ఒకవైపు ఉత్తరాలే ఉన్నాయన్నది మరిచిపోకండి. వాన్‌గో రాసినవి 800 పైగా మిగిలితే అందులో 650 దాకా తమ్ముడికి రాసినవే. తమ్ముడు అన్నకు రాసినవి 40 దాకానే. తియో దాచాడు, విన్సెంట్ దాచలేదు. అందుకే తియో ఎప్పుడూ డబ్బు పంపే మనిషిగానే కనిపిస్తాడు, బొమ్మల గురించి తియో ఏమన్నాడో విన్సెంట్ జవాబుల్లోంచి ఊహించుకోవాల్సిందే. తియో 1891 జనవరిలో పోతే ఆయన భార్య యో ఆ ఉత్తరాల్ని వరస పెట్టి 1914లో అచ్చు వేయించారు. అంత ఓపిక పట్టిన మనిషి లేకపోతే ఇవాళ మనం ఇక్కడ మాట్లాడుకునేది సగం ఉండేది కాదు. అన్నదమ్ములు పారిస్‌లో ఒకే ఇంట్లో ఉన్న రెండేళ్ళకు ఉత్తరాలే దాదాపు లేవు. అతని రంగులు బాగా మారింది సరిగ్గా అప్పుడే.

మీ కట్టలో ఖాళీలు ఎక్కడున్నాయో రాసుకోండి. వేసవి సెలవుల్లో స్నేహితుడు ఊరికొస్తే కార్డు ఉండదు. ఇంకో ఖాళీ మన పద్ధతి వల్లే వస్తుంది. చావు కబురు కార్డు చదవగానే చించేస్తారు, ఇంట్లో ఉంచరు. పుట్టుక, పెళ్ళి తెలిపే పసుపు రాసిన శుభలేఖలు తీగకు మిగులుతాయి, చావులు మిగలవు. కాబట్టి ఎవరి మాటైనా ఉన్నట్టుండి కార్డుల్లో ఆగిపోతే కోపం వచ్చి తెగిపోయిందనుకోకండి.

పెన్నాగట్టు
ఈ మాట తట్టలేదక్కా. ఒక పేరు అట్టానే ఆగిపోయింది, మాటామాటా వచ్చిందేమో అని నోట్సులో రాసేసుకున్నా. కొట్టేస్తా.

మైపాడు_అల
కార్డు అంచులు వదలొద్దు. ఉభయకుశలోపరి అని మొదలై, పిల్లల్ని అడిగానని చెప్పమని ముగిసే నడిమి భాగం అందరిదీ ఒకటే. చోటు చాలక అంచున నిలువుగా, తలకిందులుగా ఇరికించి రాసినదాంట్లోనే రంగు ధరలు, కుంచె నంబర్లు, బాకీలు ఉంటాయి. ఇన్‌లాండ్లలో మడత లోపల, జిగురు రాసిన మూత కింద కూడా రాసేవాళ్ళు. చించేటప్పుడు అక్కడ ఒకటి రెండు అక్షరాలు పోతాయి, ఊహించి పూరిస్తే చదరపు కుండలీకరణాల్లో పెట్టండి.

సింహపురి_సీతాకోక
ఎత్తి రాసేటప్పుడు అక్షరదోషాలు సరిచెయ్యొద్దు. మద్రాసులో ఉన్న మనిషి రాతలో అరవ మాట దొర్లితే అట్టానే ఉంచండి, అతను ఎవరి మధ్య పనిచేశాడో అదే చెప్తుంది. ఊహించిన తేదీని [1961 ఫిబ్రవరి?] అని కుండలీకరణాల్లో రాసి, పక్క గడిలో కారణం: 'శార్వరి మాఘం' అనో, 'నయా పైసల కార్డు' అనో. కారణం లేని తేదీ తర్వాత ఎవరికీ పనికిరాదు.

స్కానింగ్ 600 డీపీఐలో రంగుల్లోనే చెయ్యండి, నలుపుతెలుపు వద్దు. రెండు వైపులా, కవరు కూడా, ఖాళీ పేజీ కూడా. పక్కన చిన్న స్కేలు పెట్టండి. చేతులు కడిగి బాగా ఆరబెట్టుకుంటే చాలు, బట్ట గ్లౌజులకు అంచులు తగులుకుని చిరుగుతాయి.

దాచడానికి ఆమ్లం లేని కాగితపు కవర్లు, మందపాటి అట్టపెట్టె, గోడకు ఆనకుండా నేల మీద నుంచి ఎత్తులో. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు మొదలవుతుంది, మన దగ్గర వానల నెలల్లో అది మామూలే. పెట్టెలో సిలికా జెల్ పెట్టి, దాని రంగు మారినప్పుడల్లా వేడి చేసి మళ్ళీ పెట్టాలి. వేపాకు, వస కొమ్ము పెట్టుకోవచ్చు, గుడ్డమూటలో కట్టి, కాగితానికి తగలకుండా. పురుగు కనబడితే రెండు పొరల ప్లాస్టిక్ సంచిలో గాలి లేకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలు. తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు. విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది, ఫౌంటెన్ పెన్ సిరా అంతా అలికిపోతుంది.

కాగితం_పడవ
నెట్‌లో పెట్టొచ్చా ఇవన్నీ?

కందుకూరు_కలం
కాగితం మాస్టారి వారసులది. అందులో రాత మీద హక్కు మాత్రం రాసిన మనిషిది, ఆయన తర్వాత ఆయన వారసులది. మన చట్టంలో మామూలుగా చనిపోయాక 60 ఏళ్ళ దాకా, బతికుండగా అచ్చు కాని రాతకైతే తొలిసారి అచ్చయ్యాక 60 ఏళ్ళ దాకా. అచ్చు వెయ్యాలన్నా నెట్‌లో పెట్టాలన్నా ఆ మద్రాసు స్నేహితుడి ఇంటివాళ్ళ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అడగబోయినప్పుడు మాస్టారు వాళ్ళకు రాసిన జవాబులు వాళ్ళింట్లో ఉన్నాయేమో కూడా అడగండి. రెండో సగం ఉంటే ఆడే ఉండాల.

పెన్నాగట్టు
రంగులు విడదీసి చూశా. 22వ కార్డు మీద కందుకూరు ముద్రలో 61 కనబడింది, రాతలో శార్వరి మాఘం, రెండూ కలిశాయి. తెల్లరంగు పొడి మొదటిసారి అడిగింది దాని తర్వాతి కార్డులోనే. బొమ్మలు మాస్టారి మనవరాలి ఇంట్లో రెండున్నాయన్నారు, ఆదివారం చూడబోతున్నా.

ఒంగోలు_గిత్త
ఫ్రేము ఊడదీయకుండా వెనక అట్ట మాత్రం మెల్లగా తీయించి, టార్చి పక్కనుంచి వేసి ఫొటో తీయండి. స్కేలు మరిచిపోవద్దు.

చీరాల_రంగులు
ఎరుపు కూడా చూడండి. ఫ్రేము అంచు కింద వెలుతురు తగలని సన్నటి పట్టీ ఉంటుంది. అక్కడి ఎరుపు, బొమ్మ నడుమ ఎరుపు రెండూ ఒకే ఫొటోలో రావాల.